అనంతపురం ఎండలో క్యాలీఫ్లవర్: దొడ్డి నెట్‌హౌస్‌లో నా అనుభవం

గ్రీన్‌హౌస్ అని యూట్యూబ్‌లో వెతికితే అన్నీ మంచు దేశాల వీడియోలే వస్తాయి. బయట మోకాలి లోతు మంచు ఉంటుంది, లోపల గాజు గదిలో పాలకూర నవనవలాడుతుంటుంది. వాళ్ల తిప్పలన్నీ వేడిని ఎలా నిలుపుకోవాలన్న దాని చుట్టూ తిరుగుతాయి. మాది శింగనమల వైపు పల్లె. డిసెంబరు, జనవరిలో కూడా మధ్యాహ్నం 29, 30 డిగ్రీలు ఉంటుంది. తెల్లవారుజామున 16, 17కు దిగిందంటే మా అత్త శాలువా కప్పుకుని కొట్టంలో పొయ్యి దగ్గర నుంచి కదలదు. ఇక్కడ ఏ కూరగాయకూ వేడి చాలకపోవడం అన్న సమస్య లేదు. అయినా చలికాలం కూరగాయలకు మాకు కూడా ఒక కప్పు కావాల్సి వచ్చింది. అది చలిని ఆపడానికి కాదు, చలి రాకముందే పంటను మొదలుపెట్టడానికి.

అసలు చిక్కు లెక్కలో ఉంది. క్యాలీఫ్లవర్ విత్తనం వేసిన దగ్గర నుంచి పువ్వు కోసేదాకా దాదాపు మూడు నెలలు పడుతుంది. మా దగ్గర దానికి నచ్చే చల్లదనం నవంబరు మధ్య నుంచి జనవరి చివరి దాకానే. చలి మొదలయ్యాక నారు పోస్తే పువ్వు గట్టిపడే వేళకు ఫిబ్రవరి ఎండ వచ్చేస్తుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని ఊరికే అనలేదు. ఆ ఎండకు పువ్వు పసుపు తిరిగి, వదులై, పైన బియ్యపు నూకలాగా రేగిపోతుంది. కూరకు పనికొస్తుంది కానీ ఎవరికైనా ఇవ్వాలంటే మొహమాటం. పోనీ ముందుగానే సెప్టెంబరులో ఆరుబయట నాటితే లేత మొక్కలు ఎండకు వాడతాయి, మిగిలినవి పురుగు తింటుంది, పురుగు వదిలినవి నెమళ్లు ముక్కుతో పీకేస్తాయి. మా వైపు నెమళ్ల బెడద అనుభవించిన వాళ్లకే తెలుస్తుంది. జాతీయ పక్షి అని ఏమీ అనడానికి లేదు, చేతులు చరిచి తరమడమే.

కాబట్టి మొక్క చిన్నతనమంతా ఎండాకాలపు తోకలో గడవాలి, పువ్వు కట్టే కాలం మాత్రం చలిలో పడాలి. ఆ చిన్నతనాన్ని కాపాడటానికే మా నెట్‌హౌస్, అంటే పైనా పక్కలా వలలు కట్టిన పందిరి.

అనంతపురంలో సామాను అమ్మే చోట మొదట యూవీ షీటు వేయించుకోమన్నారు. పైనా పక్కలా పాలిథిన్‌తో మూసిన పాలీహౌస్ అన్నమాట. పువ్వుల రైతులకూ, ఫ్యాన్లూ, మంచులా సన్నగా నీళ్లు చిమ్మే స్ప్రేలూ పెట్టుకునే వాళ్లకూ అది సరిపోతుందేమో. మా దొడ్డిలో అది వేస్తే అక్టోబరు మధ్యాహ్నం లోపలికి మనిషే పోలేడు. మాకు తెలిసిన ఉద్యాన శాఖ ఆయన ఒకరు "షీటు మాట మరిచిపోమ్మా, నెట్ వేసుకో. గాలి ఆడనీ" అన్నాడు. అదే చేశాం. సబ్సిడీ సంగతి అడిగితే ఆ పథకాలు తోట స్థాయిలో వేసుకునే వాళ్లకే గానీ ఇంటి దొడ్డికి సరిపడవని తేలింది. 40 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, అంటే రెండు సెంట్లకు కాస్త తక్కువ. దానికోసం ఆఫీసుల చుట్టూ తిరిగే ఓపిక మా ఆయనకు లేదు.

స్తంభాలకు ఇనుప పైపులు కొనలేదు. ఒకప్పుడు ద్రాక్ష పందిళ్లకు పాతిన రాతి కూసాలు మా వైపు ఇంకా చవకగా దొరుకుతాయి. పందిరి తీసేసిన రైతు దగ్గర తెచ్చుకుని, రెండడుగుల లోతు పాతి, వాటి మీద జీఐ తీగ (జింకు పూత పూసిన ఇనుప తీగ) లాగి బిగించాం. దాని మీద 50 శాతం నీడనిచ్చే షేడ్‌నెట్. ఊర్లో అందరూ ఆకుపచ్చ నెట్ వేస్తారు, చూడ్డానికి అదే బాగుంటుంది. మేం తెల్లది వేశాం. ఆకుపచ్చ నెట్ మొక్కకు పనికొచ్చే వెలుతురులో కొంత తినేస్తుంది, దాని కింద నారు పొడుగ్గా, బలహీనంగా సాగుతుంది. చుట్టూ పక్కలకు మాత్రం 40 మెష్ పురుగుల వల. అంటే అంగుళానికి 40 కన్నాలు, తెల్లదోమ కూడా సులువుగా దూరలేనంత సన్నం.

ఈ సన్నం వల విషయంలో ఒక మాట చెప్పాలి. పురుగు రాకపోతే గాలి కూడా రాదు. పక్కలు నిలువునా 40 మెష్ వేస్తే లోపల ఉక్కపోత మొదలవుతుంది. లోపల ఒక థర్మామీటర్ వేలాడదీసి చూశాను. నెట్ కింద గాలి వేడి బయటికన్నా రెండు మూడు డిగ్రీలకు మించి తగ్గదు, గాలి ఆడని రోజు ఆ తేడా కూడా ఉండదు. నెట్ వల్ల అసలు లాభం గాలి వేడిలో కాదు, ఆకు మీద, మట్టి మీద పడే ఎండలో ఉంది. చేత్తో మట్టి తాకి చూస్తే తెలిసిపోతుంది. ఉక్కపోత తగ్గాలనే కప్పు ఎత్తు పది అడుగులు ఉంచాం. పైన కప్పుకూ పక్క వలకూ మధ్య ఒక అడుగు మామూలు షేడ్‌నెట్ పట్టీ వేసి వేడి గాలి పోయే దారి ఇచ్చాం. అక్కడి నుంచి పురుగు అస్సలు రాదా అంటే వస్తుంది. తక్కువ వస్తుంది. ఆ మాత్రం రాజీ పడాల్సిందే.

పై కప్పును తీగలకు రింగులతో వేలాడదీశాం, ఇంట్లో కర్టెన్ లాగా ఒక పక్కకు లాగేయవచ్చు. మొత్తం నిర్మాణంలో ఎక్కువ పనికొచ్చింది ఇదే. సెప్టెంబరు, అక్టోబరులో పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా నీడ. నవంబరు మధ్యకు వచ్చేసరికి నెట్ పూర్తిగా పక్కకు లాగేస్తాం. చలికాలం ఎండ ఎలాగూ ఏటవాలుగా పడుతుంది, పొద్దు కూడా చిన్నది. ఆ సమయంలో 50 శాతం నీడ ఉంచితే క్యాలీఫ్లవర్ ఆకులే పెంచుకుంటుంది, క్యారెట్ కింద దుంప ఊరదు. పక్క వల మాత్రం ఎప్పుడూ మూసే ఉంటుంది. మళ్లీ ఫిబ్రవరి రెండో వారం నుంచి మధ్యాహ్నం నీడ.

మట్టి గురించి. మాది ఎర్ర గరుసు నేల, నీళ్లు పడితే మెత్తగా, ఆరితే రాయి. అందులో నేరుగా క్యారెట్ వేస్తే నాలుగు కాళ్లతో బయటికొస్తుంది. తాడిపత్రి నుంచి నాపరాళ్ల ముక్కలు తెచ్చి, అంచులు నిలబెట్టి, మూడడుగుల వెడల్పు, అడుగు ఎత్తు మడులు కట్టాం. అందులో సగం మన ఎర్ర మట్టి, మిగతా సగంలో చెరువు మట్టి, వంక ఇసుక, మాగిన దిబ్బ ఎరువు. దిబ్బ ఎరువు పచ్చిగా ఉంటే క్యారెట్ దుంప చీలుతుంది, పైగా వేరు పురుగూ చెదలూ దాంతోపాటు వస్తాయి. అందుకే కనీసం ఒక వానాకాలం తిన్న ఎరువే వాడతాం. వేప చెక్క దంచి మడికి నాలుగు దోసిళ్లు కలుపుతాం. నెట్ కింద ఏటేటా అవే మొక్కలు వేస్తూ పోతే వేర్లకు బుడిపెలు కట్టే నులిపురుగులు పెరుగుతాయి. క్యాప్సికం, టమాటా వేసిన మడిలో తర్వాతి ఏడాది బంతి వేస్తే కొంత అదుపులో ఉంటాయి.

పైన కప్పడానికి మాకు చెనిక్కాయ (వేరుశనగ) పొట్టు కావలసినంత దొరుకుతుంది. తేమ నిలుపుతుంది, కలుపు రాదు. కానీ చెదలకు అది పండగ. మడి అంచుల్లో పల్చగా, మొక్క మొదలుకు నాలుగు వేళ్ల దూరంలో వేస్తే పర్వాలేదు.

ఇక నీళ్లు. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మాది, అది కూడా పడిన ఏడు. బోరు నీళ్లు తప్ప దిక్కులేదు, ఆ నీళ్లలో ఉప్పు. పరీక్ష చేయిస్తే ఈసీ, అంటే నీళ్లలో ఉప్పును చెప్పే కొలత, 1.8 వచ్చింది. తాగితే తేడా తెలియకపోవచ్చు, కానీ బీన్స్‌కూ క్యారెట్‌కూ వెంటనే తెలుస్తుంది. ఉప్పుకు అన్నిటికన్నా ముందు కుంగేవి ఆ రెండే. ఆకుల అంచులు కాలినట్టు అయిపోతాయి. బీట్‌రూట్, పాలకూర మాత్రం అదే నీటితో హాయిగా పెరుగుతాయి. అందుకే మిద్దె మీద వాన నీళ్లు ఒక ట్యాంకులోకి మళ్లించి, నారుకూ బీన్స్‌కూ క్యారెట్‌కూ అవి, మిగతా వాటికి బోరు నీళ్లు అని పంచుకున్నాం. సెప్టెంబరు, అక్టోబరులోనే మాకు వానలు కాబట్టి, ట్యాంకు నిండే కాలమూ నారు కాలమూ ఒకటే కావడం కలిసొచ్చింది. ట్యాంకు ఎత్తు మీద ఉంది, మోటారు లేకుండానే డ్రిప్‌కు నీళ్లు దిగుతాయి. 16 మిల్లీమీటర్ల ఇన్‌లైన్ పైపు, అడుగుకో చోట చుక్క పడుతుంది. బోరు నీళ్ల పైపులకు తెల్లటి పొర పట్టి చుక్క ఆగిపోతుంది కాబట్టి వారానికోసారి పైపు చివర మడత విప్పి నీళ్లు వదలాలి. మా అబ్బాయికి స్కూలు లేని రోజు ఆ పని వాడిదే. తడవడానికి ఒక వంక.

నారు వినాయక చవితికి అటూ ఇటూ పోస్తాం. మొదట్లో నర్సరీ నుంచి తెచ్చాం. అవి ట్రేలో ముదిరిపోయినవి, కాండం సన్నగా గట్టిపడి ఉన్నాయి. ఆ మొక్కలు పెద్దవి కాకుండానే గుండీ అంత పువ్వు కట్టి ఆగిపోయాయి. క్యాలీఫ్లవర్ నారు 25 నుంచి 30 రోజుల లోపు నాటేయాలి. అది దాటితే ఎంత ఎరువు వేసినా వెనకబడే ఉంటుంది. అప్పటి నుంచి మేమే ప్రోట్రేల్లో (గుంటల నారు ట్రేల్లో) కోకోపీట్ అనే కొబ్బరి పీచు పొట్టు, జల్లించిన పశువుల ఎరువు కలిపి పోసుకుంటున్నాం.

విత్తనం రకం గురించి కూడా షాపులో అడిగి తీసుకోవాలి. క్యాలీఫ్లవర్‌లో స్నోబాల్ రకాలకు పువ్వు కట్టాలంటే 10 నుంచి 16 డిగ్రీల చలి కావాలి. అది సిమ్లా వైపు వాళ్ల మాట. మాకు పూసా దీపాలి లాంటి ముందస్తు రకాలే సరి, 20 డిగ్రీలు దాటినా పువ్వు కడతాయి. ప్యాకెట్ మీద పువ్వు బొమ్మ తెల్లగా పెద్దగా ఉందని కొంటే లాభం లేదు.

అక్టోబరు వానలు మా పనికి అసలు పరీక్ష. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందంటే మూడు రోజులు ముసురు. షేడ్‌నెట్ వానను ఆపదు, సన్న చినుకును పెద్ద చుక్కలుగా చేసి కిందికి వదులుతుంది. ట్రేల్లో నారు మొదళ్ల దగ్గర నల్లబడి వాలిపోతుంది. నారుకుళ్లు ఒక మూల మొదలైతే తెల్లారేసరికి ట్రే అంతా పాకుతుంది. ట్రైకోడెర్మా (తెగుళ్లను అణిచే మేలు చేసే బూజు) కలిపిన ఎరువు ముందే వాడితే చాలావరకు రాదు. వచ్చాక అయితే లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడపడమే. అంతకన్నా మంచి ఉపాయం, నారు ట్రేల మీద మాత్రం వంచిన పీవీసీ పైపులు గుచ్చి పాలిథిన్ కప్పడం. వాన తగ్గగానే తీసేయాలి, లేకుంటే ఉడికిపోతాయి. కప్పుగా పాలిథిన్ మా దొడ్డిలో ఆ కొన్ని రోజులకే పనికొచ్చింది.

పురుగుల విషయంలో వల వేశాం కదా అని నిశ్చింతగా కూర్చోవడానికి లేదు. చుట్టుపక్కల చేలల్లో చెనిక్కాయ పీకేశాక అక్కడి లద్దె పురుగు పచ్చగా ఉన్న చోటు వెతుక్కుంటుంది, ఆ సమయానికి ఊర్లో పచ్చగా ఉండేది మా దొడ్డే. క్యాబేజీ, క్యాలీఫ్లవర్‌కు అసలు శత్రువు డైమండ్‌బ్యాక్ మాత్ అనే చిన్న పురుగు. ఆకును జల్లెడ చేసేస్తుంది. దానికోసం వల బయట రెండు వరుసల ఆవాలు, నాట్లకు పదిహేను రోజుల ముందే చల్లుతాం. పురుగుకు ఆవ ఆకు ఎక్కువ ఇష్టం, అక్కడే గుడ్లు పెడుతుంది. లోపలికి వచ్చినవాటికి బీటీ పొడి (పురుగును చంపే బ్యాక్టీరియా మందు) లీటరుకు గ్రాము కలిపి పొద్దు గుంకాక కొడతాం. ఎండలో కొడితే దాని పని ఎండకే పోతుంది. పేనుబంకకు వేప నూనె. తలుపు రెండు పొరలు పెట్టుకోవడం మాత్రం మందులన్నిటికన్నా మేలు చేసింది. ఒక తెర తీసి లోపలికొచ్చి, అది మూశాకే రెండోది తీయాలి. మా అత్తకు ఇది నచ్చలేదు. "కూరగాయలకు ఇంత మర్యాదా" అని గొణుగుతూ రెండూ తెరిచే పోతుంటుంది. ఆమెకు చెప్పే ధైర్యం మా ఆయనకే లేదు, నాకెక్కడిది.

వలలో ఒక ఇబ్బంది ముందే తెలుసుకోవాలి. కప్పు వేసి ఉన్నన్నాళ్లు తేనెటీగలు రావు. బీన్స్, క్యాప్సికం, టమాటాకు వాటితో పని లేదు, తీగను కాస్త కదిలిస్తే చాలు. ఆకుకూరలకూ దుంపలకూ అసలు పువ్వుతోనే పని లేదు. కానీ సొర, బీర, కాకర, గుమ్మడి లోపల వేస్తే పూత పూసి రాలిపోవడమే. అవన్నీ బయట కంచె మీదికి.

ఏది బాగా వచ్చింది, ఏది దండగ అని చాలామంది అడుగుతారు. నా వరకు క్యాప్సికం, నూల్‌కోల్, బీట్‌రూట్, పాలకూర, కొత్తిమీర నెట్ కింద కళ్లు మూసుకుని వేసుకోవచ్చు. బెంగళూరు ఐఐహెచ్ఆర్ (ఉద్యాన పరిశోధన సంస్థ) వాళ్ల అర్కా మోహిని క్యాప్సికం అక్టోబరులో నాటితే మార్చి దాకా కాసింది. క్యారెట్ కురోడా రకం వస్తుంది కానీ మొలకకు ఓర్పు కావాలి. వారం పది రోజులు మట్టి పైపొర ఆరకూడదు, విత్తనం చల్లి తడి గోనెపట్ట కప్పి, మొలక కనిపించిన సాయంత్రమే తీసేయాలి. తర్వాత మనసు రాయి చేసుకుని రెండంగుళాలకు ఒకటి ఉంచి మిగతావి పీకాలి. ముల్లంగి పూసా చేత్కి వేస్తే నలభై అయిదు రోజుల్లో వస్తుంది, అయితే దానికి నెట్ ఎందుకు, బయటే వేసుకోవచ్చు. బఠానీ నా లెక్కలో దండగ. పూత సమయానికి మధ్యాహ్నం 30 దాటితే రాల్చేస్తుంది, గింజలు లెక్కబెట్టుకుని పలావులో వేసుకోవాలి. లెట్యూస్ బెంగళూరులో ఉండే మా ఆడబిడ్డ చెప్పిందని వేశాను. బాగా వచ్చింది. జొన్న రొట్టెలోకి దాన్ని ఎవరు తింటారు, చివరికి ఎనుముకు పెట్టాం.

క్యాలీఫ్లవర్ దగ్గర ఇంకో రెండు పనులున్నాయి. నాటిన నెలకు ఒకసారి, పువ్వు కట్టే ముందొకసారి లీటరుకు 3 గ్రాముల బోరాక్స్ పిచికారీ చేస్తాం. మొక్కకు బోరాన్ చాలకపోతే పువ్వు మీద గోధుమ రంగు మచ్చలు, కాడ లోపల బోలు వస్తాయి. ఇక పువ్వు నిమ్మకాయంత కాగానే దాని ఆకులే పైకి మడిచి అరటి నారతో వదులుగా కట్టేయాలి. లేకుంటే డిసెంబరు ఎండకు కూడా పసుపు తిరుగుతుంది. కట్టాక రోజు విడిచి రోజు విప్పి చూడాలి, లోపల పురుగు కాపురం పెట్టి ఉండొచ్చు.

ఖర్చు సంగతి నిజం చెప్పాలంటే, ఒక్క ఇంటి కూరల డబ్బు చూసుకుంటే నెట్, తీగ, డ్రిప్ ఖర్చు తిరిగి రావడానికి ఏళ్లు పడుతుంది. నెట్ కూడా శాశ్వతం కాదు, మా ఎండకు నాలుగైదేళ్లకు పెళుసుబారుతుంది. మిగిలినవి ఊర్లో అమ్ముతాం, కానీ సంక్రాంతికి బయట కూడా క్యాలీఫ్లవర్ చవకే. మదనపల్లె, బెంగళూరు వైపు లారీలు అప్పుడే దిగుతాయి. మాకు కలిసొచ్చేది డిసెంబరు మొదటి వారాల్లో వచ్చే ముందస్తు పువ్వు, మార్చిలో బయట కొత్తిమీర కట్ట చిన్నదయ్యాక మా నీడలో ఉన్న కొత్తిమీర. మధ్య నెలల్లో లాభం లేదు, తిండి ఉంది.

ఏప్రిల్ నుంచి లోపల తోటకూర తప్ప ఏమీ వేయం. మే నెలలో మడులు బాగా తడిపి, పల్చటి పాలిథిన్ పరిచి అంచులు మట్టితో మూసి నెలపాటు ఎండకు వదిలేస్తాం. ఆ వేడికి నులిపురుగులూ తెగుళ్లూ చాలావరకు తగ్గుతాయి. మా ఎండ ఉచితంగా చేసిపెట్టే పని అదొక్కటే. జూన్ రాకముందే పై నెట్ విప్పి మడిచి మిద్దెలో పెట్టేయాలి. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు, ఆషాఢం గాలి మా వైపు కూడా అదే ఊపు మీద వస్తుంది. ఒక మూల కట్టు ఊడితే చాలు, నెట్ చీలికలై పక్క చీనీ తోటలో దొరుకుతుంది. పక్క వలలు ఉంటే ఉండనీ, వాటికి గాలి అంత పట్టదు. మళ్లీ శ్రావణం చివర కప్పు ఎక్కించి, తీగలు బిగించి, ట్రేలు కడుక్కుంటే చవితి నాటికి నారు పోయవచ్చు. ఈసారి బీన్స్‌లో అర్కా కోమల్ వాన నీళ్ల మడిలో వేద్దామని విత్తనం తెచ్చిపెట్టాను.